ఎడిటర్‌కి దారి ఎవరు చెప్పాలి?

టెర్మినల్‌లో పేరు కొట్టగానే పనిచేసే కంపైలరు, అదే కంప్యూటర్లో తెరిచిన ఎడిటర్ నుంచి పిలిస్తే మాత్రం ‘అలాంటి కమాండ్ లేదు’ అని జవాబు వస్తుంది. ప్రోగ్రాములు రాసేవాళ్లలో ఈ వింత చూడనివాళ్లు అరుదు. హైదరాబాద్ అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్లలో జావా నేర్చుకున్న తరానికి పాఠం మొదలయ్యేదే పాత్, అంటే కమాండ్ల కోసం వెతకాల్సిన డైరెక్టరీల జాబితా, సెట్ చేయడంతో. అది కుదరకపోతే తప్పు విద్యార్థిదే. ఒక సెమికోలన్ మర్చిపోయి ఉంటాడు, ఒక ఫోల్డర్ పేరు తప్పు కొట్టి ఉంటాడు. చాలాసార్లు ఆ అనుమానం నిజమే కావచ్చు. కానీ అక్షరం పొల్లుపోకుండా అన్నీ సరిగ్గా రాసినా ఎడిటర్‌కి దారి తెలియని సందర్భాలున్నాయి. అక్కడ తప్పు వాడేవాడి దగ్గర వెతికితే దొరకదు, చరిత్రలో వెతకాలి. ప్రతి కంప్యూటర్‌కీ తనదైన స్థానిక సంగతులు కొన్ని ఉంటాయి: ఏ ప్రోగ్రాము ఏ డైరెక్టరీలో ఉంది, గడియారం ఏ ఊరి సమయం చూపాలి, వగైరా. వాటిని ఎక్కడ రాసిపెట్టాలన్న ప్రశ్నకు యాభై ఏళ్లలో జవాబు కనీసం రెండుసార్లు మారింది. మొదట సోర్స్ కోడ్‌లో రాశారు, తర్వాత ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో, ఇప్పుడిప్పుడే ప్రాజెక్టు ఫైళ్లలో. ఒక జవాబు కోసం కట్టిన ఏర్పాటు మీద మరో కాలపు ప్రోగ్రాము వచ్చి కూర్చున్నప్పుడు పుట్టేదే ఎడిటర్ పాత్ సమస్య. ఈ మార్పును దగ్గర నుంచి చూడాలంటే అమెరికా కంటే ఆస్ట్రేలియానే మంచి చోటు. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ పుట్టిన చోటికి ఆ దేశం బాగా దూరం. తన స్థానిక సంగతులను తానే ఎక్కడో ఒకచోట రాసుకోక తప్పలేదు.

1974 జులైలో డెనిస్ రిచీ, కెన్ థాంప్సన్ ‘కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం’ పత్రికలో యూనిక్స్ గురించి రాసిన వ్యాసం సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో కెన్ రాబిన్సన్ కంటపడింది. ఆయన యూనిక్స్ పుట్టిన బెల్ ల్యాబ్స్‌కు ఉత్తరం రాశారు, లైసెన్సు ఒప్పందం కుదిరింది, టేపులు వచ్చాయి. అక్కడే పనిచేస్తున్న జాన్ లయన్స్ 1976లో ఆరో ఎడిషన్ కెర్నెల్ సోర్స్‌ను, దాదాపు తొమ్మిది వేల పంక్తుల్ని, విద్యార్థుల కోసం ఒక పుస్తకంగా అచ్చువేయించారు. మరుసటి ఏడాదికి దానికి వ్యాఖ్యానం పూర్తయింది. ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఆసాంతం చదివి అర్థం చేసుకోవచ్చని ప్రపంచానికి చూపిన పుస్తకంగానే అది పేరు పొందింది. నా వాదానికి అవసరమైంది దాని మరో కోణం. ఆ పుస్తకం చదివిన వాళ్లకు సిస్టమ్‌లో నచ్చనిది మార్చుకోవడమంటే సోర్స్ తెరిచి, దిద్ది, మళ్లీ కంపైల్ చేయడమే. వేరే సెట్టింగులంటూ పెద్దగా లేవు కూడా. ఆరో ఎడిషన్ షెల్‌లో కమాండ్‌ను వెతికే దారి ప్రోగ్రాములోనే చెక్కేసి ఉంది. కొట్టిన పేరును ముందు ఉన్నదున్నట్టు ప్రయత్నిస్తుంది, దొరక్కపోతే ‘బిన్’ డైరెక్టరీలో, అక్కడా లేకపోతే ‘యూఎస్ఆర్’ లోపలి ‘బిన్’లో. ఈ రెండు చోట్లకూ థాంప్సన్ ఒకే మాటను వాడుకున్న తీరు ముచ్చటగా ఉంటుంది. పొడుగు పేరును ఒక్కసారే రాసి, మొదటి నాలుగు అక్షరాలు వదిలేసి చదివితే పొట్టి పేరు వచ్చేలా పాయింటర్‌ను జరిపాడు. మెమరీ బంగారంతో సమానమైన రోజులు మరి. మూడో చోట కూడా వెతకాలని సిడ్నీలో ఎవరికైనా అనిపిస్తే ఆ పంక్తుల్లోనే చెయ్యి పెట్టాలి.

కెర్నెల్‌కు కూడా వేరే దారి తెలియదు. ఆరో ఎడిషన్‌లో ఒక ప్రోగ్రాము మరో ప్రోగ్రామును నడిపించేటప్పుడు ఇవ్వగలిగింది దాని పేరు, దానితో పాటు కొన్ని ఆర్గ్యుమెంట్లు, అంతే. ఆ ఆర్గ్యుమెంట్లన్నీ కలిపి 510 బైట్లు దాటకూడదు, ఎందుకంటే కెర్నెల్ వాటిని ఒక్క డిస్క్ బఫర్‌లో సర్దుకునేది. లయన్స్ పుస్తకంలో ఆ భాగం చదివిన విద్యార్థికి ‘పరిసరం’ అనే భావనే ఎదురుకాదు. ప్రోగ్రాముకు తెలిసిందల్లా తనలో రాసి ఉన్నది, తనకు నోటితో చెప్పినది.

స్థానిక సంగతి సోర్స్‌లో ఉండటం దూరదేశాలకు ఎంత ఇబ్బందో చెప్పడానికి పాత్ కంటే గడియారం బలమైన సాక్ష్యం. ఆరో ఎడిషన్‌లో తేదీని చూపే లైబ్రరీ రొటీన్ గ్రీనిచ్‌కు ఐదు గంటలు వెనక, అంటే అమెరికా తూర్పు తీరపు సమయాన్నే నిజమనుకుంటుంది. వేసవి సమయం ఏప్రిల్ చివర మొదలై అక్టోబర్ చివర ముగుస్తుందన్న అమెరికా నియమం కూడా దానిలోనే ఉంది. న్యూ సౌత్ వేల్స్‌లో 1971 నుంచి వేసవి సమయం అమల్లో ఉంది, కానీ అక్కడ వేసవి కొత్త సంవత్సరానికి అటూ ఇటూ పరుచుకుంటుంది. ఏడాదిలో ఫలానా రోజు తర్వాత, ఫలానా రోజుకు ముందు అన్న పరీక్ష దక్షిణార్ధగోళంలో పనిచేయదు. గంటల తేడా మార్చితే సరిపోదు, తర్కాన్నే తిరగరాయాలి. పైగా పక్కనే ఉన్న క్వీన్స్‌లాండ్ 1971-72లో ఒక్క వేసవి ప్రయత్నించి మానేసింది. ఒకే దేశంలో రెండు విశ్వవిద్యాలయాలకు రెండు రకాల సోర్స్ కావాలన్నమాట. తర్వాతి దశాబ్దంలో ఈ సంగతి ‘టీజెడ్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు, దానితో పాటు ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ మొదలుపెట్టిన టైమ్ జోన్ డేటాబేస్‌కు మారింది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ ఎల్జ్ ఆ పనిలో చురుగ్గా పాల్గొన్నారంటే ఆశ్చర్యం లేదు. పక్కవాడి గడియారంతో బతకాల్సి వచ్చినవాడికే కదా తన గడియారం తనకు కావాలనిపించేది. ఆస్ట్రేలియాలో ఈఎస్‌టీ అన్న మూడక్షరాలు మామూలు సమయానికీ వేసవి సమయానికీ రెంటికీ చెల్లుతాయన్న చిక్కు మాత్రం ఆ డేటాబేస్‌లో 2014 దాకా సాగింది.

సిడ్నీకి దక్షిణాన తీరం వెంబడి ఉన్న వులంగాంగ్‌లో 1977లో జరిగింది ఇంకా సాహసం. అక్కడి విశ్వవిద్యాలయానికి అప్పటి యూనిక్స్ నడిచే పీడీపీ-11 లేదు, ఇంటర్‌డేటా 7/32 ఉంది. జూరిస్ రైన్‌ఫెల్డ్స్ నడిపే విభాగంలో రిచర్డ్ మిల్లర్ యూనిక్స్‌ను ఆ యంత్రం మీదికి తెచ్చాడు. ముందు సి కంపైలర్‌ను మార్చి, ఇంటర్‌డేటా సొంత ఆపరేటింగ్ సిస్టమ్ నీడలోనే యూనిక్స్‌ను నడిపించి, ఆ తర్వాత నీడను తీసేశాడు. బెల్ ల్యాబ్స్ వాళ్లు ఇంటర్‌డేటా 8/32 మీద ఇదే ప్రయత్నంలో ఉన్న రోజులవి. ఒక విభాగంలో ఒకరిద్దరు ఆ పని చేయగలిగారంటే సోర్స్ చేతిలో ఉండబట్టే. 1978లో మొదలైన ఆస్ట్రేలియా యూనిక్స్ యూజర్స్ గ్రూప్ పత్రిక పాత సంచికలు తిరగేస్తే ఈ స్వభావమే కనిపిస్తుంది: ఎవరి సైట్‌లో ఏం మార్చారు, ఎవరికి ఆ మార్పు కావాలి, టేపు ఎలా పంపాలి.

1979లో వచ్చిన ఏడో ఎడిషన్‌తో ఈ కథ మలుపు తిరిగింది. స్టీవ్ బోర్న్ రాసిన కొత్త షెల్‌తో పాటు ఎన్విరాన్‌మెంట్ కూడా వచ్చింది. ఇకపై ఒక ప్రోగ్రాము మరోదాన్ని నడిపించేటప్పుడు ఆర్గ్యుమెంట్లతో పాటు పేరు-విలువ జతల జాబితా ఒకటి అందిస్తుంది. రెండూ కలిపి 5,120 బైట్ల దాకా ఉండొచ్చు. ఆ జతల్లో ఒకటి పాత్. ఆలోచన పూర్తిగా కొత్తదేం కాదు. యూనిక్స్ కంటే ముందటి మల్టిక్స్‌లో వెతుకులాట నియమాలు అప్పటికే ఉన్నాయి, బెల్ ల్యాబ్స్‌లోనే జాన్ మాషీ షెల్‌లో డాలర్ గుర్తుతో ‘పి’ అనే వేరియబుల్ ఇదే పని చేసేది. ఏడో ఎడిషన్‌లో పాత్‌కు ఇచ్చిన తొలి విలువ చూడండి: ఇప్పుడున్న డైరెక్టరీ, తర్వాత బిన్, తర్వాత యూఎస్ఆర్ లోపలి బిన్. ఆరో ఎడిషన్ షెల్‌లో చెక్కి ఉన్న వరుసే, మార్పేమీ లేకుండా, కోడ్ లోంచి బయటికి వచ్చి వేరియబుల్‌లో కూర్చుంది. అదే ఎడిషన్ లైసెన్సులో బెల్ ల్యాబ్స్ యజమాని ఏటీ అండ్ టీ ఇంకో మార్పు చేసింది: సోర్స్‌ను తరగతిలో పాఠంగా చెప్పకూడదు. లయన్స్ పుస్తకం ఫోటోకాపీల్లోకి వెళ్లిపోయి, 1996లో గానీ బాహాటంగా అచ్చుకాలేదు.

ఈ రెండిటినీ కలిపి చెప్పడం అన్యాయమని ఎవరైనా అనవచ్చు. ఒకటి ఇంజనీర్ల పని, మరొకటి లాయర్ల పని. ఒకరి మనసులో ఏముందో మరొకరికి తెలిసి ఉండనక్కర్లేదు. ఒప్పుకుంటాను. పన్నాగం ఉందని నా వాదన కాదు. ఫలితం గురించే మాట్లాడుతున్నాను. సోర్స్ చదవడం తగ్గుతున్న కాలంలో, సోర్స్ ముట్టుకోకుండా స్థానిక సంగతి చెప్పుకునే వీలు వచ్చింది. ఎనభైల్లో సోర్స్ లేకుండా బైనరీలు మాత్రమే కొనుక్కున్న సంస్థలకు ఆ వీలు ప్రాణాధారమైంది. దానికి మూల్యం కూడా ఉంది. సోర్స్‌లో రాసిన సంగతి ఎక్కడుందో వెతికితే దొరుకుతుంది. వేరియబుల్‌లో ఉన్న సంగతి ఏ ఫైల్లోనూ ఉండదు. నడుస్తున్న ప్రోగ్రాము మెమరీలో ఉంటుంది, దాన్ని పుట్టించిన ప్రోగ్రాము ఇచ్చిన నకలుగా. తల్లి దగ్గర తర్వాత ఏం మారినా ఆ నకలు మారదు. బిడ్డ దగ్గర మారింది తల్లికి తెలియదు. ఇంకో మాట, కెర్నెల్‌కు పాత్ అంటే ఏమిటో నేటికీ పట్టదు. వెతికే పని షెల్, లైబ్రరీ చేసుకుంటాయి. కాబట్టి ఎవరికి తోచినట్టు వాళ్లు వెతుక్కోవచ్చు. ఈమ్యాక్స్ ఎడిటర్ తన సొంత వెతుకులాట జాబితాను వేరుగా పెట్టుకోవడం అలాంటిదే.

1979లో ఈ ఏర్పాటు సహేతుకమైనది. దానికి ఆధారం ఒక ఊహ: మనిషి టెర్మినల్ దగ్గర కూర్చుని లాగిన్ అవుతాడు, లాగిన్ ప్రోగ్రాము షెల్‌ను పుట్టిస్తుంది, షెల్ ‘ప్రొఫైల్’ ఫైలు చదివి పాత్‌ను సరిచేసుకుంటుంది, ఎడిటర్‌తో సహా మిగతావన్నీ ఆ షెల్ సంతానమే. ‘ఈడీ’ అయినా, తర్వాత వచ్చిన ‘వీఐ’ అయినా షెల్ కడుపున పుట్టినవే కనుక వాటికి దారి తెలియకపోయే ప్రశ్నే లేదు. బొమ్మ మీద క్లిక్ చేస్తే ప్రోగ్రాము తెరుచుకునే రోజులు వచ్చాక ఆ వంశవృక్షం తెగింది. ఆపిల్ మాక్‌లో 2005 నుంచి క్లిక్‌తో తెరిచిన యాప్‌కు మూలపురుషుడు లాంచ్‌డీ. దానికి మీ షెల్ ఫైళ్లతో చుట్టరికం లేదు. అది ఇచ్చే పాత్‌లో సిస్టమ్ సొంత డైరెక్టరీలు నాలుగే ఉంటాయి. ప్రోగ్రాములు పెట్టుకునే హోమ్‌బ్రూ అనే సాధనంతో మీరు పెట్టుకున్నవేవీ అందులో ఉండవు.

సిడ్నీ మళ్లీ ఇక్కడ కథలోకి వస్తుంది. జాన్ స్కిన్నర్ అక్కడ మొదలుపెట్టిన సబ్లైమ్ టెక్స్ట్ ఎడిటర్ 2008 జనవరిలో వెలువడింది. లినక్స్, మాక్, విండోస్ మూడింటి మీదా నడిచే ఎడిటర్‌గా ఎదిగే కొద్దీ మూడు వ్యవస్థల వంశవృక్షాలూ దాని నెత్తిన పడ్డాయి. దాని బిల్డ్ సిస్టమ్ ఫైల్లో కమాండ్‌తో పాటు ‘పాత్’ అనే మరో గడి పెట్టారు. అందులో రాసింది ఆ ఒక్క కమాండ్ నడిచేంతసేపు ఎడిటర్ పాత్ స్థానంలో పనిచేస్తుంది. చరిత్ర తెలిసినవాడికి ఇది తమాషాగా కనిపిస్తుంది: స్థానిక సంగతి మళ్లీ ఒక ఫైల్లోకి, కంటికి కనిపించే చోటికి వచ్చింది. కాకపోతే చాలామంది ఆ గడిలో కొత్త డైరెక్టరీ ఒక్కటే రాసి పాత విలువను కలపడం మరిచిపోతారు. అప్పుడు కంపైలరు దొరుకుతుంది, దానికి కావలసిన మిగతావి మాయమవుతాయి. ఇటీవలి ఎడిటర్లు ఎంచుకున్న ఉపాయం వేరు. ఎవరికీ కనిపించకుండా ఒక లాగిన్ షెల్‌ను పుట్టించి, అది తన ఫైళ్లన్నీ చదివాక దాని ఎన్విరాన్‌మెంట్‌ను ఎడిటర్ లాక్కుంటుంది. సబ్లైమ్ మాక్‌లో ఆ పని చేస్తుంది. విజువల్ స్టూడియో కోడ్ కూడా చేస్తుంది, పది సెకన్లలో షెల్ పని ముగించకపోతే ఆశ వదిలేసుకుని హెచ్చరిక చూపిస్తుంది. తెగిన వంశవృక్షానికి దత్తత పత్రం రాయించడం లాంటిదిది. తల్లి లేనిచోట తల్లిని నటింపజేయడం. ఆపిల్ 2019లో డిఫాల్ట్ షెల్‌ను బాష్ నుంచి జెడ్‌షెల్‌కు మార్చినప్పుడు ఈ నటనకు కూడా చిక్కొచ్చింది. బాష్ ఫైల్లో రాసుకున్న పాత్‌ను కొత్త షెల్ చదవదు.

ఇదంతా యూనిక్స్ సంతతికే పట్టిన పీడ అని, విండోస్‌లో అలా కాదని ఒక అభ్యంతరం వస్తుంది. విండోస్‌లో పాత్ రిజిస్ట్రీలో ఉంటుంది, ప్రతి లాగిన్ షెల్ ఫైళ్లు చదవాల్సిన అగత్యం లేదు, డైలాగ్ బాక్సులో చూసుకోవచ్చు. కేంద్రీకరించిన చోటు ఉండటం నిజంగా మేలే. కానీ రిజిస్ట్రీలో ఉన్నది మూలప్రతి. ప్రోగ్రాము చేతిలో ఉన్నది, ఇక్కడా, పుట్టినప్పుడు అందిన నకలే. పాత్ మార్చగానే విండోస్ ఒక సందేశం చాటుతుంది. ఎక్స్‌ప్లోరర్ దాన్ని విని తన నకలు మార్చుకుంటుంది, అప్పటికే తెరిచి ఉన్న ఎడిటర్ మామూలుగా వినదు. అది తన లోపల తెరిచిన టెర్మినల్‌కు కూడా పాత నకలే ఇస్తుంది. ఒక కిటికీ మూసి తెరిస్తే చాలదు, ఎడిటర్ కిటికీలన్నీ మూయాలి. కోచింగ్ సెంటర్లలో ‘ఒకసారి రీస్టార్ట్ చెయ్యండి’ అనే సలహా మూఢనమ్మకంలా వినిపిస్తుంది గానీ అది పనిచేయడానికి కారణం ఇదే: రీస్టార్ట్‌తో వంశమంతా కొత్తగా పుడుతుంది. 1983లో వచ్చిన డాస్ రెండో వెర్షన్ నాటి పాత్ కమాండ్ దగ్గర్నుంచి ఈ వారసత్వ పద్ధతి మారలేదు.

ఇంకొందరు తేలిక మార్గం చెబుతారు: ఎడిటర్ సెట్టింగులో కంపైలరు పూర్తి చిరునామా రాసేయండి, వెతుకులాటే ఉండదు. అత్యవసరానికి ఇది మంచిదే, పాత్‌లో ఎవరో దొంగ ప్రోగ్రాము చొప్పించే ప్రమాదం కూడా తప్పుతుంది. అయితే ఇది 1976 నాటి షెల్‌లోకి తిరిగి వెళ్లడం. ఇంటెల్ మాక్‌లో హోమ్‌బ్రూ పెట్టే చోటు ఒకటి, ఆపిల్ సొంత చిప్ ఉన్న మాక్‌లో మరొకటి. పూర్తి చిరునామా రాసిన ప్రాజెక్టు పక్క టేబుల్ మీది కంప్యూటర్లోనే ఆగిపోతుంది. గడియారం కోసం సిడ్నీలో సోర్స్ దిద్దక తప్పని రోజులకూ దీనికీ తేడా పరిమాణంలోనే.

పాత్‌ను దాదాపుగా వదిలించుకున్న వ్యవస్థ ఒకటుంది. బెల్ ల్యాబ్స్‌లోనే తయారైన ప్లాన్ 9లో వెతకాల్సిన డైరెక్టరీలన్నిటినీ బిన్ మీదనే పొరలు పొరలుగా అతికిస్తారు. ప్రోగ్రాము ఎక్కడున్నా బిన్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ కూడా అక్కడ ఫైళ్లుగా తెరిచి చదువుకోవచ్చు. వులంగాంగ్‌లో యూనిక్స్‌ను మోసుకెళ్లిన రిచర్డ్ మిల్లరే తర్వాత ప్లాన్ 9ను రాస్‌ప్‌బెర్రీ పై మీదికి తెచ్చాడు. ప్లాన్ 9 రూపకర్తల్లో ఒకరైన రాబ్ పైక్ గూగుల్‌లో గో భాషను తయారుచేసినవారిలోనూ ఒకరు, ఆ తర్వాత గూగుల్ సిడ్నీ కార్యాలయం నుంచి పనిచేశారు. ప్లాన్ 9 మార్గమే సరైనదైతే లోకం ఎందుకు పట్టించుకోలేదని అడగవచ్చు. అప్పటికే యూనిక్స్, డాస్ వంశాల కింద లెక్కలేనన్ని ప్రోగ్రాములు పాత్‌ను నమ్ముకుని ఉన్నాయి. మెరుగైన పరిష్కారం ఆలస్యంగా వస్తే దానికి చోటుండదు. గో భాష కథే అందుకు నిదర్శనం. పాత్ అవసరం లేని వ్యవస్థను గీసిన మనిషి చెయ్యి ఉన్న భాషకే, కోడ్, లైబ్రరీలు ఎక్కడుండాలో చెప్పే ‘గో పాత్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టాల్సి వచ్చింది. కొత్తవాళ్లు ఎడిటర్లో అది సరిగ్గా అందక తల పట్టుకునేవారు. 2017 ఫిబ్రవరిలో 1.8 వెర్షన్ దానికి డిఫాల్ట్ విలువ ఇచ్చింది. 2018 ఆగస్టులో 1.11తో మాడ్యూల్స్ వచ్చి, ప్రాజెక్టుకు ఏ లైబ్రరీ కావాలో ప్రాజెక్టు ఫైల్లోనే రాయడం మొదలైంది. 2021లో 1.16 నాటికి అదే మామూలు పద్ధతి అయింది. అంత చేసినా, ఆ ఫైలును చదవాల్సిన ‘గో’ ప్రోగ్రాము ఎక్కడుందో ఆ ఫైలు చెప్పలేదు. దాన్ని ఎడిటర్ ఇప్పటికీ పాత్‌లోనే వెతుకుతుంది.